గ్లాసులోంచి జన్యువుల దాకా మద్యం ప్రయాణం

కోల్‌కతాలోని సియాల్దా నుంచి డైమండ్ హార్బర్ వెళ్లే లోకల్ రైలు మార్గంలో సంగ్రామ్‌పూర్ అనే చిన్న స్టేషన్ ఉంది. బయటివారికి పెద్దగా తెలియని ఆ పేరు 2011 డిసెంబరులో దేశమంతా వినిపించింది. ఆ చుట్టుపక్కల గ్రామాల్లో చోలాయి తాగి 170 మందికి పైగా చనిపోయారు. చోలాయి అంటే బెంగాల్ నాటుసారా. తాగినవారిలో ఎక్కువమంది కూలీలు, రిక్షా తొక్కేవారు, చిల్లర సరుకులు అమ్ముకునేవారు. ఆ సారాలో మిథనాల్ కలిసింది.

మిథనాల్‌ను విషం అంటాం. వాడుకలో ఆ మాటలో తప్పు లేదు. కానీ శరీరంలో జరిగేది చూస్తే కథ కొంచెం వేరుగా ఉంటుంది. మిథనాల్ ఏ మార్పూ చెందకుండా ఉంటే కాస్త మత్తు ఇచ్చి, ఊపిరితోనూ మూత్రంతోనూ మెల్లగా బయటికి పోతుంది. దాన్ని ప్రాణాంతకంగా మార్చేది మన కాలేయమే. అక్కడ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది మిథనాల్‌ను ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది. మరో ఎంజైము దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ ఆమ్లం కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల పనిని ఆపేస్తుంది. దీనికి మొదట బలయ్యేవాటిలో కంటి నరం ఒకటి. ఈ మార్పులన్నిటికీ సమయం పడుతుంది కాబట్టి సాయంత్రం తాగినవారు బాగానే ఉన్నామనుకుని ఇంటికి వెళ్లి పడుకుంటారు. చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం పన్నెండు గంటల తర్వాతో మర్నాడో మొదలవుతాయి.

దీనికి ఆసుపత్రుల్లో చేసే చికిత్స వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఫోమెపిజోల్ అనే మందు దొరక్కపోతే రోగికి మామూలు మద్యంలో ఉండే ఇథనాల్‌నే కొలత ప్రకారం ఇస్తారు. ఆ ఎంజైముకు మిథనాల్ కన్నా ఇథనాల్ మీద మక్కువ ఎక్కువ. అది ఇథనాల్ పనిలో పడితే, మిథనాల్ విషంగా మారకుండా కొంత సమయం చిక్కుతుంది. ఆలోగా డయాలసిస్‌తో దాన్ని బయటికి పంపించవచ్చు. ఇది వైద్యులు రక్తపరీక్షలు చూసుకుంటూ చేసే పని. కల్తీసారా తాగినవారికి ఇంట్లో ఇంకొంచెం మందు పోయడం చికిత్స కాదు.

కల్తీ మద్యం సంగతి ముందుగా ఎందుకు ఎత్తామంటే, లైసెన్సు ఉన్న దుకాణంలో సీలు వేసిన సీసా కొన్నా శరీరంలో నడిచే పద్ధతి ఇదే. గొంతు దిగిన పదార్థం కన్నా, దాన్ని వదిలించుకునే క్రమంలో మన కణాలే తయారుచేసే పదార్థాలు ఎక్కువ దూరం వెళ్తాయి. కొన్ని కాలేయంలో కొవ్వు పేరుస్తాయి. కొన్ని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. కొన్నయితే మెదడులో ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో నిర్ణయించే చోటికి చేరి కూర్చుంటాయి.

గంటకు ఎంత?

ఎంజైముల వేగం గురించి మాట్లాడేటప్పుడు కోల్‌కతాతో అనుబంధం ఉన్న ఒక శాస్త్రవేత్తను తలుచుకోవాలి. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో బ్రిటన్ వదిలి, మహలనోబిస్ ఆహ్వానం మీద కోల్‌కతా బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. జన్యుశాస్త్రవేత్తగానే ఆయన మనకు ఎక్కువ తెలుసు. అంతకు చాలా ముందే, 1925లో, జి.ఇ. బ్రిగ్స్‌తో కలిసి ఎంజైముల వేగానికి ఆయన ఇచ్చిన గణిత వివరణను ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు మొదటి ఏడాదిలోనే చదువుకుంటారు. అందులో తేలే ఒక సంగతి: ఎంజైము అణువులన్నీ పనిలో మునిగిపోయాక, ఎదురుగా ఎంత సరుకు పోసినా వేగం పెరగదు.

రైల్వే స్టేషన్లో టికెట్ కౌంటర్లు మూడే ఉన్నాయనుకోండి. వరుసలో ముప్పై మంది ఉన్నా మూడొందల మంది ఉన్నా గంటకు తెగే టికెట్లు అన్నే. ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ పరిస్థితి కూడా అదే, కొద్దిగా తాగగానే అది నిండిపోతుంది. ఆ తర్వాత సగటు మనిషి కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను మాత్రమే మార్చగలదు. మన దేశంలో అమ్మే విస్కీ, రమ్ముల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 8 శాతం ఆల్కహాల్ ఉంటే అది 40 గ్రాములు దాటుతుంది. అంటే ‘బీరే కదా’ అని తాగిన ఒక్క సీసా నాలుగు పెగ్గులకు సమానం. కాలేయానికి నాలుగు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, పని. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఏవీ ఆ కౌంటర్ల సంఖ్యను పెంచవు.

కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇథనాల్ మొదట ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటేట్‌గా మారుతుంది. ఎసిటాల్డిహైడ్ చాలా చురుకైన పదార్థం. ప్రొటీన్లకూ డీఎన్‌ఏకూ అతుక్కుంటుంది. మద్యపానంతో పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం ఉంది. వీటిలో చాలావాటి వెనుక ఈ పదార్థం పాత్ర ఉందని భావిస్తున్నారు.

ఈ రెండు మెట్లలోనూ ఎన్‌ఏడీ అనే చిన్న సహాయక అణువు ఎన్‌ఏడీహెచ్‌గా మారుతుంది. చూడటానికి చిన్న మార్పే. కానీ కాలేయం తన పనుల్ని నిర్ణయించుకునేది ఈ రెండింటి నిష్పత్తిని బట్టే. తాగిన రాత్రి ఎన్‌ఏడీహెచ్ పోగుపడుతుంది. అప్పుడు కొవ్వును కాల్చే పని మందగిస్తుంది, కొత్త కొవ్వు తయారీ ఊపందుకుంటుంది. కొత్త గ్లూకోజ్ తయారుచేసే దారి మూతపడుతుంది. పగలంతా ఏమీ తినకుండా పనిచేసి, రాత్రి ఖాళీ కడుపుతో తాగే మనిషికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయేది ఇందుకే. లాక్టేట్ పెరిగి, యూరిక్ ఆమ్లం బయటికి పోవడం తగ్గుతుంది. గౌటు ఉన్నవారికి మర్నాడు బొటనవేలు వాచేది ఇందుకే.

ఇదంతా ఒక్క రాత్రి సంగతి. రోజూ తాగితే విషయం జన్యువుల దాకా వెళ్తుంది. మన కణాలన్నిటిలో జన్యువులు దాదాపు ఒకటే. కాలేయ కణం కాలేయంలా, మెదడు కణం మెదడులా ఉండటానికి కారణం ఏ కణంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందన్నదే. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. కొవ్వు తయారుచేసే ఎంజైముల జన్యువులను ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే ప్రొటీన్ ఉసిగొల్పుతుంది. కొవ్వును కాల్చే ఎంజైముల జన్యువులను పీపీఏఆర్-ఆల్ఫా అనే మరో ప్రొటీన్ నడిపిస్తుంది. దీర్ఘకాలం మద్యం తాగే జంతువుల కాలేయాల్లో మొదటిది చురుకెక్కుతుంది, రెండోది నీరసిస్తుంది. ఒక గ్రాము ఆల్కహాల్ 7 కిలోకాలరీల శక్తి ఇస్తుంది. దాదాపు కొవ్వుతో పోటీపడే ఆ శక్తి చేరుతున్నప్పుడే, నిల్వ చేయమనే ఆదేశం కూడా జన్యువులకు అందుతోందన్నమాట.

ఇక్కడ కోల్‌కతా వైద్యుల పరిశోధన ఒకటి గుర్తు చేయాలి. పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లా పల్లెల్లో 1,911 మందిని పరీక్షించి, 2010లో ‘హెపటాలజీ’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రికి చెందిన కౌశిక్ దాస్, అభిజిత్ చౌధురి బృందం చేసిన పని అది. మద్యంతో సంబంధం లేని ఫ్యాటీ లివర్ 8.7 శాతం మందిలో కనిపించింది. వారిలో నాలుగింట మూడొంతుల మంది శరీర ద్రవ్యరాశి సూచిక 25 లోపే. అంటే బక్కగా, కాయకష్టం చేసుకుంటూ కనిపించే పల్లెవాసుల కాలేయాల్లో కూడా కొవ్వు ఉంది. ‘సన్నగా ఉన్నాను, నాకేం కాదు’ అనే భరోసాకు మన దేశంలో అంత విలువ లేదని ఆ సర్వే చెప్పింది. అలాంటి కాలేయం మీద మద్యం పడితే, అప్పటికే తెరిచి ఉన్న దారిలోనే కొవ్వు మరింత చేరుతుంది. మధుమేహం, ఊబకాయం లాంటి కారణాలూ మద్యమూ కలిసి చేసే కాలేయ జబ్బుకు 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు మెట్‌ఏఎల్‌డీ అని ప్రత్యేకంగా పేరు పెట్టాయి. కాలేయానికి ఈ రెండు దెబ్బలు విడివిడిగా తగలవని ఆ పేరే ఒప్పుకుంటోంది.

మరొక మాట. రోజూ తాగేవారిలో సీవైపీ2ఈ1 అనే ఇంకో ఎంజైము పెరుగుతుంది. ‘అలవాటైనవాడు ఎక్కువ తట్టుకుంటాడు’ అనడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దీనికి మూల్యం ఉంది. ఈ ఎంజైము పనిచేసినప్పుడల్లా కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అంతేకాదు, పారాసిటమాల్‌లో కొంత భాగాన్ని ఇది విషపదార్థంగా మారుస్తుంది. మర్నాటి తలనొప్పికి చేతికందినన్ని మాత్రలు మింగే అలవాటు రోజూ తాగేవారికి అందుకే ప్రమాదం.

ఎసిటేట్ మెదడుకు చేరితే

చాలాకాలం ఎసిటేట్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. విషమంతా విరిగిపోయాక మిగిలే పిప్పి అనుకున్నారు. 2019లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ అభిప్రాయాన్ని మార్చింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో షెల్లీ బెర్గర్ బృందం చేసిన పని అది.

అది అర్థం కావాలంటే డీఎన్‌ఏ ఎలా సర్దుకుని ఉంటుందో చూడాలి. ఒక్కో కణంలో సుమారు రెండు మీటర్ల పొడవున్న డీఎన్‌ఏ దారం హిస్టోన్లు అనే ప్రొటీన్ కండెల మీద చుట్టుకుని ఉంటుంది. చుట్ట బిగువుగా ఉన్నచోట జన్యువును చదవడం కుదరదు. హిస్టోన్ల తోకలకు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలితే అక్కడ పట్టు సడలుతుంది, జన్యువు చదవడానికి వీలవుతుంది. ఈ ఎసిటైల్ గుంపులు ఎసిటేట్ నుంచి కూడా తయారవుతాయి.

శాస్త్రవేత్తలు మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉన్న ఇథనాల్‌ను ఎలుకలకు ఇచ్చారు. బరువును బట్టి ఆ అణువుల జాడ ఎక్కడెక్కడ తేలుతుందో కనిపెట్టవచ్చు. ఆ జాడ కొద్ది గంటల్లోనే మెదడులో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లోని హిస్టోన్ల మీద కనిపించింది. ఎలుక పుచ్చుకున్న మద్యంలోని పరమాణువులే కాలేయంలో ఎసిటేట్‌గా మారి, రక్తంలో ప్రయాణించి, జ్ఞాపకాల జన్యువుల దగ్గర అతుక్కున్నాయన్నమాట. మెదడులో ఎసిటేట్‌ను అందుకునే ఏసీఎస్‌ఎస్2 అనే ఎంజైమును ఆ చోట తగ్గించినప్పుడు, మద్యం ఇచ్చిన గదిని ఎలుకలు ఇష్టంగా గుర్తుపెట్టుకోవడం మానేశాయి. ఫలానా చోటు, ఫలానా వాసన, ఫలానా స్నేహితులు కనబడగానే తాగాలనిపించడం అనే అనుభవం వెనుక ఇలాంటి రసాయన ముద్రలు ఉండవచ్చని ఈ ప్రయోగం సూచిస్తోంది.

అదే పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది. చూడి ఎలుకలకు ఇచ్చిన మద్యం జాడ, కడుపులోని పిల్లల మెదడు హిస్టోన్ల మీదా దొరికింది. గర్భిణులకు ఒక్క గుక్క కూడా వద్దని వైద్యులు చెప్పే మాటకు ఇది కొత్త కారణాన్ని జోడించింది.

ఎసిటైల్ గుంపు జన్యువును తెరుస్తుందనుకుంటే, దాన్ని మూసే తాళాలూ ఉన్నాయి. నేరుగా డీఎన్‌ఏకే తగిలే మిథైల్ గుంపు వాటిలో ఒకటి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న దీపక్ సర్కార్, ఓంకారం గంగిశెట్టి, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రజితా సిన్హా కలిసి 2019లో ప్రచురించిన పరిశోధన మనుషుల రక్తాన్ని పరిశీలించింది. మితంగా తాగేవారితో పోలిస్తే అతిగా తాగేవారిలో రెండు జన్యువుల మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా ఉన్నాయి. ఒకటి పీఓఎంసీ, ఒత్తిడిని తట్టుకునే వ్యవస్థలో భాగం. రెండోది పీఈఆర్2, శరీర గడియారానికి చెందినది. ఈ గుర్తులు ఎక్కువున్నవారికి తాగాలన్న కోరిక కూడా ఎక్కువగా ఉంది. తాగుడు గుర్తులు వేస్తుంది, గుర్తులు తాగుడుకు ఉసిగొల్పుతాయి అనే వలయం ఇక్కడ కనబడుతోంది. అయితే ఇలాంటి అధ్యయనం సంబంధాన్ని చూపుతుందే గానీ ఏది ముందో నిర్ధారించలేదు. ఈ తేడా గుర్తుంచుకుని చదవాలి.

మిథైల్ గుంపుల సరఫరాలో ఫోలిక్ ఆమ్లానికి ముఖ్యమైన పాత్ర ఉంది. దీర్ఘకాలం తాగేవారిలో ఫోలేట్ తగ్గుతుంది. పేగులు సరిగ్గా పీల్చుకోవు, తిండీ సరిగ్గా ఉండదు. దాంతో ఏ జన్యువు మీద తాళం వేయాలో, దేని మీద తీయాలో లెక్క తప్పుతుంది. సంగ్రామ్‌పూర్ లాంటి విషాదాల్లో పుట్టే ఫార్మిక్ ఆమ్లాన్ని నిర్వీర్యం చేయడానికి కూడా కాలేయం వాడుకునేది ఫోలేట్‌నే. అందుకే మిథనాల్ బాధితులకు వైద్యులు దాన్ని ఇస్తారు. ఎలుకల కాలేయంలో ఈ ఏర్పాటు బలంగా ఉంటుంది కనుక మిథనాల్‌తో వాటికి చూపు పోదు. మనిషికి పోతుంది. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల మధ్యలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు.

అందరికీ ఒకేలా ఎందుకు కాదు?

ముప్పై ఏళ్లు తాగినా కాలేయం చెడని మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. తాగుడును సమర్థించుకోవడానికి ఆయన పేరే అందరూ చెబుతారు. పదేళ్లకే కామెర్లతో పోయిన నలుగురి పేర్లు మాత్రం ఎవరూ ఎత్తరు. ఈ తేడాలో కొంత భాగం పుట్టుకతో వచ్చిన జన్యువులది. కోల్‌కతా పరిశోధకులు తూర్పు భారతీయులను పరిశీలించి 2012లో ‘జీన్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో పార్థ మజుందార్, అభిజిత్ చౌధురి తదితరులు పాల్గొన్నారు. వాపును పెంచే, తగ్గించే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-10, ఐఎల్-1బీటా వంటి ప్రొటీన్ల జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉండే చిన్న తేడాలు, మద్యం వల్ల కాలేయానికి కలిగే హానిని ప్రభావితం చేస్తాయని వారు చూపారు. ఎంత తాగాడన్నదే కాదు, తాగినదానికి అతని రోగనిరోధక వ్యవస్థ ఎంత మండిపడుతుందన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఇంకో ప్రసిద్ధమైన తేడా ఎసిటాల్డిహైడ్‌ను విరగ్గొట్టే ఏఎల్‌డీహెచ్2 ఎంజైములో ఉంది. చైనా, జపాన్, కొరియా మూలాలున్నవారిలో మూడోవంతుకు పైగా మందికి ఇది మందకొడిగా పనిచేస్తుంది. కొంచెం తాగినా మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. కోల్‌కతాలోని టాంగ్రా, తిరెట్టా బజార్ ప్రాంతాల్లో చైనా మూలాల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆ మార్పు మిగతా భారతీయుల్లో అరుదు. ఇది ఉన్నవారు సాధారణంగా తక్కువ తాగుతారు. కానీ మొహం ఎర్రబడినా పట్టించుకోకుండా తాగేవారికి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. 1940ల చివర్లో డెన్మార్క్ పరిశోధకులు మద్యం మాన్పించడానికి పనికొస్తుందని గుర్తించిన డైసల్ఫిరామ్ ఈ పరిస్థితినే మాత్రతో తెప్పిస్తుంది. అందుకే ఆ మాత్రను మనిషికి తెలియకుండా సాంబారులో కలిపి పెట్టడం చాలా ప్రమాదకరం. మద్యంతో కలిస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ ఉపాయం చెప్పే బంధువుల మాట వినకండి.

మానేస్తే?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో సుమారు 19 శాతం మద్యం తాగుతారు. పశ్చిమ బెంగాల్‌లో అది 18 శాతం. తెలంగాణలో 43 శాతం. కాబట్టి కోల్‌కతా ప్రయోగశాలల ప్రశ్నలు మన ఇళ్లకు ఇంకా దగ్గరివి.

జన్యువుల మీది గుర్తులు జన్యువుల అక్షరాలను మార్చవు. వేసినవి తీసేయవచ్చు కూడా. కాలేయంలో చేరిన కొవ్వు, మచ్చగట్టే దశకు రాకముందైతే, పూర్తిగా మానేసిన కొన్ని వారాల్లోనే చాలావరకు కరిగిపోతుంది. మెదడు విషయంలో ఆశ కలిగించే ఫలితం షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. సుభాష్ పాండే బృందం 2022లో, చిన్నవయసులో మద్యానికి గురై పెద్దయ్యాక ఆందోళనతో ఎక్కువ తాగే ఎలుకల మెదడులో, ఆర్క్ అనే జన్యువును అదుపుచేసే చోట పోయిన ఎసిటైల్ గుర్తులను క్రిస్పర్ పద్ధతితో తిరిగి పెట్టింది. వాటి ఆందోళన తగ్గింది, తాగడం తగ్గింది. ఇది ఇంకా ఎలుకల వరకే.

మానడం ఎందుకు కష్టమో కూడా జన్యు వ్యక్తీకరణే చెబుతుంది. మద్యం మెదడును శాంతపరిచే గాబా గ్రాహకాలను బలపరుస్తుంది, ఉద్రేకపరిచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అణుస్తుంది. నెలల తరబడి ఇలా సాగితే మెదడు సర్దుకుంటుంది. గాబా గ్రాహకాల కూర్పు మారి అవి మొద్దుబారతాయి, ఎన్‌ఎండీఏ రకాలు పెరుగుతాయి. అలాంటి మెదడుకు హఠాత్తుగా మద్యం ఆగిపోతే బ్రేకు లేని బండి అవుతుంది. చేతులు వణకడం, నిద్రపట్టకపోవడంతో మొదలై ఫిట్స్, లేనివి కనిపించడం దాకా వెళ్లవచ్చు. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు పట్టుదల మీద ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేయకుండా వైద్యుల పర్యవేక్షణలో మానాలి. ఆసుపత్రిలో వణుకు తగ్గే మందులతోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. అది లేకపోతే మెదడు కణాలు గ్లూకోజ్‌ను వాడుకోలేక శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

మద్యం, మత్తు అలవాటు నుంచి బయటపడటానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ కేంద్రం నంబరు 14446. మానసిక ఆరోగ్య సలహాలకు టెలీ మానస్ నంబరు 14416. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు, ఇంట్లోవారు కూడా ఫోన్ చేయవచ్చు.